పుట్టలోని పాము, పుట్టపైని గొడుగు

వికారాబాదు జిల్లా కుల్కచర్ల ప్రాంతమున పాంబండ అను పుణ్యస్థల మున్నది. రామలింగేశ్వరస్వామి అక్కడి దైవము. ఆ పేరును విడదీసినచో పామును, బండయు మిగులును. గుట్టకో, గుండుకో, ఊరికో పాము పేరు పెట్టుట తెలుగునేలపై వింతగాదు. పాములపర్తి, పాములపాడు, నాగులపాడు మొదలైన ఊళ్ళు శ్రోతలకు తెలిసినవే. పాము తలపునకు వచ్చినచో వెంటనే పుట్టయు తలపునకు వచ్చును. పుట్ట లేని పామును, పాము లేని పుట్టను మన జనులు ఊహింపలేరు. పుట్ట పాముకు ఇల్లు, పాము పుట్టకు కావలి అని వారి నమ్మకము. ఈ రెండింటి కూటమి ఎంతవరకు నిజము, ఎంతవరకు కల్పితము అను విషయమును, ఆ పుట్టలోనే మన కంటబడక సాగుచున్న మరియొక కూటమి చరిత్రను ఈనాడు ముచ్చటింతము.

రెండు భిన్నజాతుల ప్రాణులు ఒకదానినొకటి ఆశ్రయించి బ్రతుకుచున్నవను ఊహ మానవునికి ఎప్పుడును ప్రీతిపాత్రమే. కంటికి కనబడిన జంటలు చాలనప్పుడు అతడు క్రొత్తవానిని కల్పించినాడు. మహాభారత సభాపర్వమున శిశుపాలుడు భీష్ముని నిందించుచు భూలింగమను పక్షి కథ చెప్పును. హిమవంతమున కావలివైపున నుండు ఆ పక్షి సాహసము వలదని లోకమునకు నిత్యము బోధించును. తాను మాత్రము సింహము నోట దూరి దాని పండ్ల సందులలోని మాంసపు ముక్కలను ఏరుకొని తినును. సింహము దయ తప్పిననాడు దాని ఆయువు చెల్లును. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటసు క్రీస్తుకు పూర్వము అయిదవ శతాబ్దమున ఈజిప్టును గూర్చి వ్రాయుచు, నైలునది మొసలి నోరు తెరచుకొని యుండగా ఒక చిన్నపక్షి లోపలికి పోయి జలగలను తినుననియు, మొసలి దానికి హాని చేయదనియు చెప్పినాడు. అరిస్టాటిలు, ప్లినీ ఆ మాటనే మరల చెప్పిరి. రెండువేల యేండ్లకు పైగా పాఠ్యపుస్తకములలో నిలిచిన ఆ ముచ్చటకు నమ్మదగిన ప్రత్యక్షసాక్ష్యము ఇంతవరకు దొరకలేదు. మన పక్షి సింహము నోటను, వారి పక్షి మొసలి నోటను దూరినవి. కల్పన రెండుచోట్ల ఒకే త్రోవ పట్టినది.

పంచతంత్రములోని భారుండపక్షి ఇంకొక మెట్టు పైది. దానికి ఉదర మొకటి, తలలు రెండు. ఒక తలకు దొరికిన అమృతతుల్యమైన ఫలమును రెండవదానికి పెట్టలేదని అలిగి, ఆ రెండవ తల విషఫలము తిన్నది. రెండును చచ్చినవి. శిల్పులకు ఈ రెండుతలల పక్షియే గండభేరుండమైనది. కన్నడదేశమున బళ్ళిగావిలో 1047 నాటి గండభేరుండ స్తంభ మున్నది. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల బంగారు నాణెములపై అది ఏనుగులను ముక్కులతోను, గోళ్ళతోను పట్టుకొని యుండును. ఒకే కడుపు గల రెండు ప్రాణముల కథ రాజలాంఛనముగా మారినప్పుడు ఆ విషఫలమును అందరు మరచిపోయిరి.

ఇవి గ్రంథములలోని కల్పనలు. మన పల్లెలలోని కల్పనలు వీనికంటె మొండివి. ఎందుకనగా అవి సజీవమైన జంతువుల నెత్తిపై కూర్చున్నవి. జెర్రిపోతు నాగుపాముకు మగడని పెక్కుమంది నమ్ముదురు. అది ఆవు వెనుక కాళ్ళకు చుట్టుకొని పొదుగునుండి పాలు కుడుచునని చెప్పుదురు. రెండుతలల పాము ఆరునెలలు ఒక తలతోను, ఆరునెలలు ఇంకొక తలతోను నడచునందురు. ముసలి నాగు పడగలో మణి యుండుననియు, ఆ వెలుగున అది రాత్రి మేతకు పోవుననియు మరియొక మాట. ఆవు–పాము, జెర్రిపోతు–నాగు, తల–తల, పాము–నిధి: ఇన్ని జంటలను అల్లినవారు పుట్టను విడిచిపెట్టుదురా?

పుట్ట మన సంస్కృతిలో పాతుకొనినది. ఆదికవి పేరే వల్మీకమునుండి వచ్చినది. తిరుమల స్థలపురాణమున శ్రీనివాసుడు పుట్టలో దాగియుండగా గోవు వచ్చి పాలు విడిచినది. పుట్టపై ఆవు పాలు విడిచినచోట లింగమో, విగ్రహమో బయల్పడినదను కథ మన దేశమున ఎన్ని గుడులకో ఉన్నది. తెలంగాణమున శ్రావణశుద్ధ పంచమినాడును, కోస్తాలో కార్తీకశుద్ధ చవితినాడును స్త్రీలు పుట్టలో పాలు పోసి, చలిమిడియు చిమ్మిలియు నివేదించి, తడిసిన పుట్టమన్నును చెవులకు రాచుకొందురు. దానికి పుట్టబంగారమని పేరు. పెండ్లిపనులకు పుట్టమన్ను తెచ్చు ఆచారము కలదు. పుట్టనుండి నీటిజాడ కనుగొనుటయు మనవారు నేర్చినారు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయమున ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట యున్నచో ఎంత లోతున జల పడునో వివరించినాడు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చెందిన ఇ. ఎ. వి. ప్రసాదు ఆ అధ్యాయమును భూగర్భజల శాస్త్రదృష్టితో పరిశీలించి 1980లో ఒక గ్రంథము వెలువరించినారు. చెదలకు తేమ లేనిదే బ్రతుకు లేదు. కావున ఆ పరిశీలన ఒట్టి మూఢవిశ్వాసమని త్రోసివేయుటకు వీలులేదు.

సుమతీశతకకర్త మాత్రము పుట్టను భక్తితో గాక లోకజ్ఞానముతో చూచినాడు. కట్టినవారు వేరు, కాపురమున్నవారు వేరు అన్నది ఆయన పరిశీలన. పామరుని సొమ్ము రాజుల పాలగుటకు అది ఉపమానము. పాము పుట్టకు కావలి అను నమ్మకముకంటె ఈ మాట సత్యమునకు దగ్గర. పుట్ట కట్టినది చెద. మన భాషలో దానిని చీమతో కలిపి చెప్పుట పరిపాటి; శాస్త్రము మాత్రము దానిని బొద్దింక కుటుంబమున చేర్చినది. పాము ప్రాణమున్న పుట్టలో నడిమి గదులకు పోజాలదు. ఆ దారులు దానికి చాలవు. పాతబడి బీటలువారిన పుట్టను, ఎలుక తొలిచిన పుట్టను, చెదలు విడిచిన పుట్టను అది వెదకికొనును. బయట రోహిణియెండ కాయుచున్నను లోపల చల్లదనమును తేమయు నుండును. గ్రుడ్లు పెట్టుటకు అనుకూలము. ఎలుక దొరకినచో భోజనము సిద్ధము. ఇందువలన చెదకు కలిగెడి లాభ మేమియు లేదు. ఇది ఒంటిచేతి చప్పట వంటి పొత్తు. పోసిన పాలవలన పాముకును మేలు లేదు. పాలు దాని ఆహారము కావు. దాని పండ్లు లోపలికి వంగి యుండును. పీల్చుటకు తగిన పెదవులు లేవు. ఏ ఆవును అట్టి పంటిగాటును సహించి నిలువదు.

ఇక రెండవ కూటమి సంగతి. ఇది కల్పన కాదు. తెలుగు పదములోనే దాని సాక్ష్యమున్నది. మనము పుట్టగొడుగు అందుము. కొన్నిచోట్ల పుట్టకొక్కు అందురు. గొడుగు పుట్టపై పుట్టునని మన పూర్వులకు తెలియును. ఎందుకు పుట్టునో మాత్రము వారు అడిగినట్లు లేదు.

అడిగినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. బాల్టిక్ ప్రాంతమున 1728లో జన్మించి, స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుడు లిన్నేయసు వద్ద చదివి, 1768లో తరంగంబాడిలోని డేనిషు మిషనుకు వైద్యుడుగా వచ్చినాడు. తరువాత ఆర్కాటు నవాబు కొలువునను, 1778 నుండి మద్రాసున ఈస్టిండియా కంపెనీ కొలువునను ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసినాడు. తంజావూరు సీమలోని పుట్టలను త్రవ్వి చూచి, లోపల మెత్తని గుల్లలపై తెల్లని శిలీంధ్రము పెరుగుచున్నదని గమనించి, అది చెదపిల్లలకు ఆహారమై యుండునని తలచినాడు. ఆ వ్యాసము 1779లో బెర్లినున అచ్చైనది. ఆఫ్రికా చెదలను గూర్చి స్మీత్మన్ లండను రాయల్ సొసైటీకి పంపిన ప్రసిద్ధవ్యాసము 1781 నాటిది; కోనిగ్ వ్యాసము దానికి ముందరిది. ఇంత పరిశీలన మన దక్షిణదేశపు మట్టిలో జరిగినదన్న సంగతి మన పాఠశాలలలో చెప్పకపోవుట మాకు చింత గొలుపును. కోనిగ్ 1785 జూనులో కాకినాడ సమీపమున జగన్నాథపురమున మరణించినాడు. ఆయన కాగితములు మరణశాసనము ననుసరించి లండనులోని సర్ జోసఫ్ బ్యాంక్సుకు చేరినవి.

ఆయన ఖాళీచేసిన ఉద్యోగమునకు వచ్చినవాడు పాట్రిక్ రస్సెల్. సిరియాలోని అలెప్పో నగరమున ప్లేగును ఎదుర్కొని పేరుపొందిన వైద్యుడు. తమ్ముడు కంపెనీ అధికారిగా నుండిన విశాఖపట్టణమునకు అతనితో పాటు వచ్చి అక్కడ నిలిచినాడు. కోనిగ్ పుట్టలోని గొడుగును చూడగా, రస్సెల్ పుట్టలోని పామును చూచినాడు. ఒకే ఉద్యోగము, ఒకే పుట్ట, రెండు చూపులు. మన్యపు త్రోవలనుండి, ఊళ్ళనుండి జనులు తెచ్చిన పాములను ఆయన కొలిచి, వర్ణించి, చిత్రములు వ్రాయించినాడు. ఏది విషము గలదో, ఏది కాదో తేల్చుటకు కోళ్ళకును కుక్కలకును కరపించి ఫలితములను వ్రాసికొన్నాడు. నేటి మనస్సునకు అది కఠినముగా తోచవచ్చును. కాని ఆనాటికి ప్రజలు ప్రతి పామును విషసర్పమనియే చంపుచుండిరి. వేరుచేసి చెప్పినవాడు లేడు.

కోరమండలు తీరపు సర్పములపై ఆయన గ్రంథము కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞతో 1796లో లండనున వెలువడినది. అందలి గొప్పతన మేమనగా, పాములకు ఆయన తెలుగు పేర్లనే పెట్టినాడు. వినిన పేరును వినినట్లు రోమను లిపిలో వ్రాసికొన్నాడు. కాటుక రేకుల పొడ, జెర్రిపోతు, బంగారు పాము ఆ గ్రంథపుటలలో ఉన్నవి. ఆ బంగారు పాము పేరునుండియే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అను శాస్త్రీయనామము 1803లో ఏర్పడినది. కాటుక రేకుల పొడకు 1797లో రస్సెల్ పేరే శాస్త్రనామమున చేరినది. దానినే నేడు రక్తపింజరి అనుచున్నాము. ప్రపంచమున ఏ మూల కట్లపామును గూర్చి మాటలాడినను శాస్త్రజ్ఞుడు తనకు తెలియకయే ఒక తెలుగుమాట పలుకుచున్నాడు. రెండుతలల పామును శాస్త్రలోకమునకు మొదట వర్ణించి చెప్పినవాడును రస్సెలే. 1801లో ఆయన దానికి తరంగంబాడి మిషనరీ జాన్ పేరు పెట్టినాడు. దానికి తల ఒకటే. మొండి తోక తలవలె నుండును. శత్రువు ఎదురైనప్పుడు తలను దాచుకొని తోకను చూపును. ఇది ఇసుకలో, వదులునేలలో దాగి ఎలుకలను తిను సాధుజంతువు.

పుట్టగొడుగు కథకు మరల వత్తము. కోనిగ్ చూచినదానికి తగిన పేరు దొరకుటకు నూరేండ్లు పట్టినది. 1878లో కాసెల్ నగరమున జరిగిన సభలో జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఆంటన్ దె బారీ, భిన్నజాతుల ప్రాణులు కలిసి జీవించుటకు సింబయోసిస్ అను పేరును వాడి ఉపన్యసించినాడు. మనము సహజీవనమని అనుచున్నాము. ఆయనకు ముఖ్యమైన ఉదాహరణము రాతిపువ్వు. మన వంటయింటి మసాలాలో పడునదే. అది ఒక మొక్క కాదనియు, శిలీంధ్రమును శైవలమును కూడిన జంట యనియు ష్వెండెనర్ 1860లలో చెప్పినప్పుడు పండితులు నవ్విరి. క్రోంబీ అను పండితుడు దానిని ఒక నవలాకథగా ఎగతాళి చేసినాడు. హెరోడోటసు మొసలిని రెండువేల యేండ్లు నమ్మిన లోకము, కండ్లయెదుట బండపైనున్న నిజమును కల్పన యనుట చరిత్రలో చిత్రమైన ఘట్టము. తరువాతి దశాబ్దములలో కందివంటి కాయధాన్యముల వేళ్ళబుడిపెలలో సూక్ష్మజీవులు కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించుచున్నవని తేలినది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు ప్రతి గింజలోను అట్టి ఒక కూటమి యున్నది.

పుట్టలోని శిలీంధ్రమునకు 1942లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజెర్ ఎయిమ్ టెర్మిటోమైసిస్, అనగా చెదల శిలీంధ్రము, అను పేరు పెట్టినాడు. ఇది చెదపుట్టలో తప్ప వేరుచోట పెరిగినట్లు కనబడదు. ఈ జాతి చెదయు ఆ శిలీంధ్రము లేనిదే బ్రతుకదు. పనివాండ్రు ఎండుటాకు, గడ్డి, పుల్ల తిని వచ్చి అరగీ అరగని మలమును గుళికలుగా పేర్చుదురు. వానితోపాటు శిలీంధ్రబీజములును పడును. మెదడు ముడుతలవలె నుండు ఆ గుల్లయే వారి తోట. చెద కడుపు అరిగింపలేని కట్టెపదార్థమును శిలీంధ్రము విరిచి మెత్తబరచును. తోటపై పుట్టు తెల్లని చిన్నగుండ్లను చెదలు తినును. పండిన పాతగుల్లను కూడ తినును. ఆ తోటలో కలుపు ఉన్నది, కలుపుతీత ఉన్నది, తేమను వెచ్చదనమును కాచు ఏర్పాటున్నది. మరియొక శిలీంధ్రము ఆ తోటలోనే అణగియుండును. చెదలు చచ్చినప్పుడో, విడిచిపోయినప్పుడో అది విజృంభించి గుల్లను కప్పివేయును. దున్నక విడిచిన చేనిలో తుంగ లేచినట్లే.

ఈ వ్యవసాయ మెంత పాతదో వినిన ఆశ్చర్యము కలుగును. మానవుడు నేల దున్ని పదివేల యేండ్లు దాటినదేమో. చెదల తోట ఆఫ్రికా అడవులలో దాదాపు మూడుకోట్ల సంవత్సరముల క్రిందట ఒక్కసారియే మొదలైనదని జన్యుపరిశోధకులు చెప్పుచున్నారు. టాంజానియాలోని రుక్వా లోయలో రెండున్నరకోట్ల సంవత్సరముల నాటి చెదల తోటలు శిలలుగా మారి యుండగా కనుగొన్నట్లు 2016లో ప్రకటించిరి. అక్కడి నుండి ఆసియాకు వచ్చిన జాతుల సంతతియే మన చేనిగట్లపైని పుట్టలు.

తొలకరి కురిసిన సాయంకాలమున దీపముచుట్టు మూగు ఉసిళ్ళు ఈ పుట్టల రాజులు, రాణులు కాగోరు వారలే. వేలకొలది బయలుదేరును; పక్షి, కప్ప, తొండ, మనిషి తినగా మిగిలిన ఏ కొద్ది జంటలో రెక్కలు రాల్చి నేలలో దూరును. వానియొద్ద తోట లేదు. మన దేశపు పుట్టచెదలలో పెక్కింటికి తల్లిదండ్రులు విత్తనమును కట్నముగా ఇచ్చి పంపరు. మొదటి కాన్పు పిల్లలు పనివాండ్రై వెలికి వచ్చువేళకు వానలు ముదురును. పాత పుట్టలపై గొడుగులు విచ్చును. వాని బీజములు నేలపై రాలును. ఆ పనివాండ్రు ఆకుతోపాటు బీజమును తెచ్చి క్రొత్తతోట వేయుదురు. ఈ రెండు కాలములు తప్పినచో ఆ కాపురము నిలువదు.

పాము–పుట్ట కల్పన వలన వచ్చిన నష్ట మేమున్నది, పండుగ చేసికొనువారిని చేసికొననిండు అని శ్రోతలనవచ్చును. పండుగతో మాకును పేచీ లేదు. నష్టము మరియొకచోట నున్నది. నాగుకు మగడని, పాలదొంగ యని జెర్రిపోతును కనబడినచోట చంపుదురు. అది విషము లేనిది, నాగుతో దానికి చుట్టరికము లేదు, కుటుంబములే వేరు. రెండు పాములు పెనవేసికొని లేచునప్పుడు అది సంయోగమని తలచి జనులు క్రొత్తబట్ట పరతురు. పెక్కుసారులు అది రెండు మగ జెర్రిపోతుల మల్లయుద్ధము. చేనిలో ఎలుకను తగ్గించునది అది. ఎలుక పెరిగినచో దాని వెంట నాగు ఇంటికి వచ్చును. రెండుతలల పాము ఇంటనున్న ధనము కలుగునని వదంతి పుట్టించి దానిని పట్టి రహస్యముగా లక్షలకు అమ్మజూచిన ముఠాలను ఉభయ తెలుగు రాష్ట్రములలోను పోలీసులు పలుమారులు పట్టుకొన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము.

ఇంకొక లెక్క చెప్పవలసి యున్నది. 2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటుచే దాదాపు పన్నెండు లక్షలమంది, అనగా ఏటికి సగటున 58 వేలమంది, చనిపోయిరని 2020లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది. ఎక్కువ మరణములు జరిగిన ఎనిమిది రాష్ట్రములలో తెలంగాణముతో కూడిన ఆంధ్రప్రదేశము ఒకటి. సగము మరణములు జూను, సెప్టెంబరు నెలల నడుమనే; అనగా నాట్ల వేళ, కలుపుతీత వేళ. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకు విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రులలో నిచ్చెదరు. కాటుపడినవానిని కదలనీయక పండబెట్టి నేరుగా అక్కడికి చేర్చుటకు బదులు, మంత్రమునకు, వేరుమందుకు పోగొట్టుకొన్న గంటలే పెక్కుప్రాణములను తీయుచున్నవి. ఏ పాము విషమైనదో తెలిసికొనుటకు రస్సెల్ విశాఖలో పడిన శ్రమ రెండువందల యేండ్ల తరువాత కూడ మన ఊళ్ళకు పూర్తిగా చేరలేదు.

పుట్టలకును గండము వచ్చినది. గట్టు చదునుచేయు యంత్రము ఒక గడియలో పెకలించు పుట్ట పదియేండ్ల పని. చెదమందు పోసినచో తోటయు పోవును. రైతుకు చెద శత్రువు కాకపోలేదు. ఇంటి దూలమునకు, చెరకుగడకు అది చేయు హాని మేమెరుగుదుము. కాని మనము చంపునది పురుగును మాత్రమే కాదు.

ఆషాఢ శ్రావణములలో ఉరుము ఉరిమిన మరునాడు, తెల్లవారకముందే, పుట్టజాడ తెలిసినవారు గంపతో బయలుదేరుదురు. పొడవైన వేరువంటి కాడతో లోతునుండి పైకి వచ్చు ఆ గొడుగు రుచికి మాంసము చాలదందురు. పొద్దెక్కిన కొలది విచ్చుకొని చెడును గనుక రోడ్డుప్రక్కన కుప్పపోసి ఆ పూటకే అమ్ముకొందురు. అడిగిన ధర ఇచ్చి కొనువారును ఉందురు. ఊకపైని, వరిగడ్డిపైని పెంచు గొడుగులు అంగడిలో ఏడాది పొడుగున దొరకును. ఈ పుట్టగొడుగును మాత్రము చెద సహాయము లేక వ్యాపారముగా పండించుట ఇంతవరకు ఎవరికిని సాధ్యము కాలేదు.